ఊల్కన్ పెళ్ళిజీను

ఊల్కన్ గొడ్డలిని గొడ్డలి అనదు. "ఆ నరికేది ఇలా తెండి" అంటుంది. ఆవిడ మామగారి పేరు బల్తాబాయ్. మా భాషలో 'బల్తా' అంటే గొడ్డలి. మా వైపు కోడలు మామగారి పేరు పలకకూడదు, ఆ పేరులో ఉన్న మాటని కూడా పలకకూడదు. ఆయన పోయి చాలా కాలమైంది. ఊల్కన్ తానే అత్తగారయింది, నాయనమ్మ కూడా అయింది. అయినా కట్టెలు కొట్టాలంటే ఇప్పటికీ నరికేదాని కోసమే వెతుక్కుంటుంది. మనవలు కావాలనే గొడ్డలి ఎత్తి చూపించి "నాయనమ్మా, ఇదేంటి?" అని ప్రాణం తోడేస్తారు. "మీ తాత బుర్ర!" అని కసురుతుంది. పక్కగదిలో ఉన్న తాతకి వినపడేలాగే కసురుతుంది.

ఆ తాత పేరు ఎషీమ్. అత్-బాషీ లోయ మొత్తం మీద అంత సోకున్న గుర్రాల కాపరి ఇంకొకడు ఉండడు. పొద్దున్నే లేచి తెల్ల ఉన్నిటోపీని బ్రష్షుతో దువ్వి, బూట్లకి గొర్రెకొవ్వు రాసి మెరిపించి గానీ గుమ్మం దాటడు. ఈయన వెళ్ళేది మంద దగ్గరికా, పెళ్ళిచూపులకా అని ఊళ్ళో నవ్వుకుంటారు. ఆయనా నవ్వుతాడు, దువ్వడం మాత్రం మానడు. భార్యని 'బైబిచే' అంటాడు. ఇంటి పెద్దావిడని మా వైపు గౌరవంగా పిలిచే పిలుపు అది. ఆవిడ ఆయన్ని 'ముసలాయనా' అంటుంది. మొగుణ్ణి పేరు పెట్టి పిలవడమన్నది ఆవిడకి కలలో కూడా రాదు.

ఊల్కన్ పని ఉన్ని. గొర్రె ఉన్నిని కొట్టి విదిల్చి, రెల్లుచాప మీద పరిచి, కాగే నీళ్ళు చల్లి, చాపతో సహా చుట్టేసి, మోకాళ్ళ మీద కూర్చుని మోచేతులతో దొర్లిస్తుంది. దొర్లించగా దొర్లించగా ఉన్ని పట్టుకుని దళసరి మెత్త అవుతుంది. గుర్రం వీపుకీ జీనుకీ మధ్య వేసేది ఆ మెత్తనే. ఊల్కన్ చేసిన మెత్త వేస్తే వీపు పుండు పడదని లోయంతా పేరు. మగవాళ్ళ ముందు ఆవిడ నోరు విప్పేది తక్కువ. ఆ లోటంతా గుర్రాల దగ్గర తీర్చుకుంటుంది. ఎవరింట్లో ఎవరు అలిగారో, ఎవరి కోడలు టీలో ఉప్పు ఎక్కువ వేసిందో ఊళ్ళో అందరికన్నా ముందు ఆ పాకలో ఉన్న గుర్రాలకే తెలుస్తుంది.

పెళ్ళినాడు కనుమ అవతలి అక్-తలా నుంచి వచ్చింది ఊల్కన్. వెడల్పాటి ఆడగుర్రం మీద, తల్లి సారె పెట్టిన జీను ఎక్కి వచ్చింది. ఎర్ర మఖమలు పరిచి, వెండి మొలలు కొట్టి, ముందు కొమ్ముని పక్షి తలలా చెక్కిన ఆడవాళ్ళ జీను అది. ఆ ఆడగుర్రం ఏనాడో ముసలిదై పోయింది. జీను మాత్రం పెట్టె మీద పేర్చిన బొంతల దొంతర పైన కొత్త పెళ్ళికూతురిలా కూర్చునే ఉంది. ఏటికోసారి ఊల్కన్ దాన్ని దించి, వెండి మొలలు బూడిదతో తోమి, మళ్ళీ అక్కడే కూర్చోబెడుతుంది. మోకాళ్ళు సహకరించక తను గుర్రం ఎక్కడం మానేసి చాలా కాలమైంది. ఆ జీను అక్కడ ఉంటే చాలు, ఇంట్లో తనవాళ్ళు ఒకరున్నట్టు ఉంటుంది ఆవిడకి.

చబ్దార్‌ని పెంచింది ఊల్కనే. వసంతంలో వాగు పొంగినప్పుడు తల్లిగుర్రం కాలు జారి కొట్టుకుపోతే, ఒడ్డున వణుకుతున్న పిల్లని కోటులో చుట్టి ఇంటికి మోసుకొచ్చింది. ఆవుపాలలో నీళ్ళు కలిపి సీసాతో పట్టింది. రాగిరంగు ఒళ్ళు, తెల్ల జూలు. ఆ రంగు గుర్రాన్ని మేం చబ్దార్ అంటాం, అందుకని వేరే పేరు వెతకలేదు. దాని తండ్రి దిగువ లోయ నుంచి తెచ్చిన భారీ గుర్రం. ఆ పోలిక వచ్చి, ఈ ముసలమ్మ గారాబం తోడై, పిల్ల ఎదిగేసరికి వీపు అరుగులా పరుచుకుంది. మా కొండ గుర్రాలకి మూపు ఎత్తుగా, వీపు సన్నగా ఉంటుంది. దీనికి మూపు ఉందో లేదో తడిమి చూసుకోవాలి.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏ పిల్లగుర్రానికైనా మొట్టమొదట వేసేది బల్తాబాయ్ జీనే. ఆయన జీనులు చెక్కేవాడు. భూర్జ చెక్క తొలిచి, పచ్చితోలు బిగించి ఆయన చేసిన జీనులు లోయలో చాలామంది ఇళ్ళకి వెళ్ళాయి. ఆయన సొంతానికి వాడుకున్నది ఒక్కటే ఇంట్లో మిగిలింది. దాని మీద కూర్చుని మొదటి అడుగు వేయిస్తే పెద్దాయన చెయ్యి గుర్రం మీద పడ్డట్టేనని ఎషీమ్ నమ్మకం. ఇంట్లో అందరి నమ్మకమూ అదే. దానికి కొత్త మేకు కొట్టడం గానీ చెక్క గీకడం గానీ ఎవరూ చేయరు. నూనె రాయాలన్నా ఎషీమ్ ఒక్కడే రాస్తాడు.

ఆ ఏడు వేసవి పచ్చిక నుంచి మంద కిందికి దిగాక, ఎషీమ్ చబ్దార్ మీద ఆ జీను వేసి ఎక్కాడు. చబ్దార్ రెండడుగులు వేసి ఆగింది. మడమలతో పొడిచాడు. కదలలేదు. చెవులు వెనక్కి పెట్టి, తోక ఒకసారి విసిరి, పాతిన గుంజలా నిలబడింది.

కంచె అవతల పక్కింటి ఇమాష్ నిలబడి చూస్తున్నాడు. ఇమాష్, ఎషీమ్ ఒకే ఏడు పుట్టినవాళ్ళు. మా వైపు ఒక ఈడువాళ్ళు ఒకర్నొకరు ఎంత మాటయినా అనుకోవచ్చు, కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. ఇమాష్ ఆ హక్కుని ఒక్కరోజు కూడా వృథాగా పోనివ్వడు.

"ఏరా, గుర్రం ఎక్కావా, గోడెక్కావా?" అన్నాడు.

"నోర్ముయ్యరా. ఇప్పుడిప్పుడే అలవాటు పడుతోంది."

"అది పడుతోందా, నువ్వు పడుతున్నావా? సరే, నేను టీ తాగొస్తా. అప్పటికి గేటు దాకా వస్తావేమో చూద్దాం."

ఇమాష్ టీ తాగి వచ్చేసరికి ఎషీమ్ గేటు దాకా వచ్చిన మాట నిజమే, కానీ నడిచి వచ్చాడు. గుర్రం ఎక్కడుందో అక్కడే ఉంది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కొరడా తీస్తే ముందుకి పోకుండా వెనక్కి నడిచింది. కొన్నాళ్ళకి ఎషీమ్ జీను భుజాన వేసుకుని పాకలోకి వస్తుంటేనే నాలుగు కాళ్ళూ బిగబట్టుకోవడం మొదలుపెట్టింది. ఊళ్ళో మాట పాకింది. ఎంత మొండి గుర్రాన్నైనా దారికి తెచ్చే ఎషీమ్, పెళ్ళాం పాలు పట్టి పెంచిన గుర్రం దగ్గర చతికిలబడ్డాడని టీ దుకాణం ముందు ఒకటే నవ్వులు. ఆ నవ్వుల మధ్య ఎషీమ్‌కి రోషం వచ్చింది.

"ఇమాష్, వాగు అంచున మంచు కట్టేలోపల అది నా కింద నడవకపోతే నీ కత్తికే ఇచ్చేస్తా. పో!" అనేశాడు.

చలికాలం మొదట్లో వీధిలో అందరిళ్ళకీ మాంసం కోసిపెట్టేది ఇమాషే. అతను నవ్వు ఆపి, "మాటేనా?" అన్నాడు. "మాటే" అన్నాడు ఎషీమ్. అలా ఒక ఈడువాళ్ళ మధ్య పడిన మాటని వెనక్కి తీసుకోవడం కన్నా ఊరొదిలి పోవడం తేలిక.

మాకు గుర్రమంటే ప్రాణం. గుర్రపు మాంసమన్నా ప్రాణమే. ఆ రెండిటికీ మా ఇళ్ళల్లో ఎప్పుడూ పేచీ రాలేదు. పనికొచ్చే గుర్రానికి చలికాలమంతా గడ్డి పెడతాం, పనికి రానిది పొయ్యి మీదికి వెళుతుంది. ఉన్న గడ్డి అంతే మరి. ఈ సంగతి ఊల్కన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళలో ఎన్ని గుర్రాల పేగులు కడిగి మాంసం కూరలేదు ఆవిడ! కానీ తన చేత్తో సీసాపాలు పట్టినదాని పేగులు కడగమంటే ఆవిడ వల్ల కాదు. 

ఆ సాయంత్రం ఎషీమ్ విసిగి జీను దించేసి పోయాక, ఊల్కన్ మెత్త తీసి తిరగేసి చూసింది. ఉన్ని గురించి ఆవిడకి తెలియనిది లేదు. మెత్త అంతా చెమటతో తడిసింది, మూపుకి రెండు పక్కలా అరచేతంత మేర మాత్రం పొడిగా ఉంది. ఒళ్ళంతా చెమటపట్టి అక్కడ ఒక్కచోట పట్టలేదంటే, అక్కడ చెమట కూడా బయటికి రాలేనంత నొక్కు ఉందన్నమాట. చబ్దార్ దగ్గరికి వెళ్ళి సరిగ్గా ఆ చోట వేలు పెట్టింది. చర్మం చివుక్కున వణికింది. తల తిప్పి పళ్ళు చూపించింది. సీసాపాలు తాగిన నాటి నుంచి ఊల్కన్‌కి అది పళ్ళు చూపించడం అదే మొదటిసారి.

"అయ్యో నా తండ్రీ, నొప్పిరా నీకు?" అంది. "నొప్పని చెప్పడానికి నీకు నోరు లేదు. నోరుండీ నాకు చెప్పే వీలు లేదు."

జీను బాగాలేదని ఎలా చెబుతుంది? అది మామగారి జీను. పేరే పలకలేని మనిషి చేతిపనికి వంక పెట్టడమా? బతికున్న మనిషైతే అత్తగారి ద్వారానో, ఆడపడుచు ద్వారానో ఆ మాట చుట్టూ తిప్పి చేరవేయవచ్చు. పోయినాయనకి ఎవరి ద్వారా చెప్పాలి?

అందుకని ఉన్నిమనిషి చేసే పనే చేసింది. ఉన్న మెత్త మీదికి ఇంకో మెత్త చేసింది. మంచి శరత్కాలపు ఉన్ని ఏరి, మూడు రోజులు మోచేతులు అరిగేలా దొర్లించి, మెత్తగా, దళసరిగా చేసి, "చలి వస్తోంది కదా, వాడికి వెచ్చగా ఉంటుంది" అని మొగుడి చేతికిచ్చింది. ఎషీమ్ వేశాడు. ఇంతకుముందు చబ్దార్ రెండడుగులైనా వేసేది. ఈసారి ఎక్కబోతుంటేనే నడుం వంచి ఆయన్ని దులిపి పారేసింది. ఎషీమ్ బురదలో కూర్చున్నాడు. టోపీ దొర్లుకుంటూ వెళ్ళి పేడలో పడింది.

"దిగడం మాత్రం బాగా నేర్చుకున్నావురా!" అన్నాడు కంచె అవతల నుంచి ఇమాష్.

ఊల్కన్ టోపీ తీసి కడిగి ఆరేసింది. లోపలికి వచ్చి గడప మీద కూర్చుని బూట్లు లాగబోతే రాలేదు. చలికి రెండు జతల ఉన్నిమేజోళ్ళు తొడుక్కుంది, ఇరుకు బూట్లో వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి కుళ్ళబొడుస్తున్నాయి. కోడలు మేరిమ్ వచ్చి కూర్చుని బూటు పట్టుకుని లాగింది.

"ఇన్ని మేజోళ్ళెందుకత్తా? ఇరుకు బూట్లో ఎంత ఉన్ని కూరితే అంత నొక్కుతుంది కదా" అంది మేరిమ్.

ఊల్కన్ కాలు అలాగే చాపి ఉంచి కోడలి ముఖం చూసింది. ఆ తర్వాత చెంప మీద చటుక్కున కొట్టుకుంది.

"ఏమైందత్తా?"

"బుద్ధి గడ్డి తిందే. వాడి బూట్లో నేను మేజోడు కూరాను."

మేరిమ్ చురుకైన పిల్ల. ఒక క్షణం ఆలోచించి, "అంటే తాతయ్య జీను ఇరుకా?" అంది.

"ష్! గోడలు వింటాయి."

"వినకపోతే ఎలా అత్తా? మామయ్యకి చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తా."

"నువ్వు చెప్పావంటే ఆయన ఒప్పుకోలేక, నీ మాట కాదనలేక ఆ గుర్రం మీద కోపమంతా పెంచుకుంటాడు. కాస్త ఆగు."

ఆగమని అయితే అంది గానీ వాగు ఆగదు. పొద్దున పూట అంచుల్లో నీళ్ళు చిక్కబడుతున్నాయి.

మర్నాటి నుంచి ఎషీమ్ మంద దగ్గరికి తన ముసలి గుర్రం మీద వెళ్ళిపోగానే, ఊల్కన్ చబ్దార్‌ని గడ్డికొట్టం వెనక దొడ్డిలోకి తీసుకెళ్ళేది. జీను లేదు, మెత్త లేదు, కళ్ళెం, తాడు అంతే. ముందు నిలబడి లాగితే అది మెడ చాచి కాళ్ళు ఊనేసింది. దాన్ని కొరడా అలా చేసింది మరి. ముందు నుంచి లాగడం మానేసి, ఊల్కన్ భుజం పక్కన నిలబడి తలని కొంచెం తన వైపు తిప్పింది. పక్కకి తిరగాలంటే కాలు ఎత్తక తప్పదు. ఒక్క కాలు ఎత్తగానే తాడు వదులు చేసి, మెడ నిమిరి, కబుర్లు మొదలుపెట్టింది. ఇమాష్ పెళ్ళాం కొత్త తెరలు కొనడం, టీ దుకాణం వాడి పన్ను నొప్పి, అన్నీ చెప్పింది. మళ్ళీ కొంచెం తిప్పింది, మళ్ళీ అడుగు. బిగుసుకున్న కాళ్ళు అలా ఒక్కొక్కటే వదిలాయి.

తర్వాత రెండు పొడుగు తాళ్ళు కళ్ళేనికి కట్టి, పక్కల నుంచి వెనక్కి తెచ్చుకుని, తను వెనక నడిచింది. మనిషి కాలు తగిలేచోట పక్కటెముకల మీద విల్లో కొమ్మతో మెల్లగా తట్టేది. చబ్దార్ అడుగేసిన మరుక్షణం తట్టడం ఆపేసేది. ముందుకి పోతే ఎవరూ ఏమీ అనరు, ఆగితేనే ఎవరో తలుపు తట్టినట్టు తడుతూ ఉంటారు. ఆ లెక్క గుర్రానికి తొందరగానే అర్థమైంది. మొదట దొడ్డి చుట్టూ, తర్వాత వాగు దారిలోని పిండిమర దాకా, తర్వాత మర దాటి వాగు ఒడ్డు దాకా ముసలమ్మ వెనక, గుర్రం ముందు. కొన్నాళ్ళకి అది ఎంత హుషారుగా ముందుకి పోయిందంటే, వెనక ఊల్కన్ పరుగులాంటి నడకతో ఆయాసపడి, "నాయనా, నన్ను కూడా తీసుకుపో!" అని అరవాల్సి వచ్చింది. మూడు మెట్లు ఎక్కితే మూలిగే ఆవిడ, ఆ రోజుల్లో మోకాళ్ళ సంగతే మర్చిపోయింది.

పొట్టకి ఉత్త పట్టీ కట్టి నడిపించింది, నడిచింది. ఒక్క మెత్త వేసి నడిపించింది, నడిచింది. ఇక మిగిలింది జీను.

ఆదివారం ఎషీమ్ ఇమాష్ పాత కారెక్కి పశువుల సంతకి వెళ్ళాడు. ఊల్కన్ బొంతల దొంతర దగ్గరికి వెళ్ళి నిలబడింది. చేతులు తుడుచుకుంది. తన జీను కిందికి దించింది.

"అత్తా!" అంది మేరిమ్, కళ్ళు పెద్దవి చేసి.

"ఏమీ లేదే. గాలికి పెడదామని."

"గుర్రం మీద పెడితేనే గాలి తగులుతుందా?"

"నోరు మూసుకుని ఆ పట్టీ అందుకో."

ఊల్కన్ వాళ్ళ నాన్న అక్-తలాలో ఆ జీను చేయించినప్పుడు, చెక్కేవాడు ఆ వెడల్పాటి ఆడగుర్రం వీపు మీద తడి బంకమట్టి పెట్టి అచ్చు తీసుకున్నాడు. పెళ్ళికి ముందు పక్కన నిలబడి చూసింది ఊల్కన్. ఇప్పుడు అదే జీను చబ్దార్ వీపు మీద పెడితే, ముందు చెక్కల కింద అరచెయ్యి హాయిగా దూరింది. భుజం ఎముక కదలడానికి చోటుంది. చబ్దార్ కాళ్ళు బిగించుకుని ఎదురుచూసింది, నొప్పి రాలేదు. మేరిమ్ ఊతమిస్తే, అమ్మో అబ్బా అనుకుంటూ ఊల్కన్ పైకెక్కింది. కాలితో తట్టింది. చబ్దార్ వెళ్ళింది. వాగు పక్క బాట పట్టుకుని, తెల్ల జూలు ఎగురుతుంటే, చెవులు ముందుకి పెట్టి వెళ్ళింది. ఊల్కన్‌కి నవ్వొచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత గుర్రం మీద నుంచి లోయని చూసిందేమో, ఉన్నట్టుండి వయసు తగ్గిపోయినట్టనిపించి గట్టిగా, ఒక్కర్తే నవ్వుకుంది.

సంత ఆ రోజు సరిగ్గా సాగలేదో ఏమో, కారు తొందరగానే తిరిగొచ్చింది. వంతెన దగ్గర ఆగిపోయింది. ఎషీమ్ దిగి నిలబడ్డాడు. ఎర్ర మఖమలు, వెండి మొలలు, వాటి మీద నవ్వుతున్న తన పెళ్ళాం.

"బైబిచే! నువ్వేనా అది?"

"నేను కాక ఇంకెవరు ముసలాయనా, పక్కింటావిడా?"

ఎషీమ్ దగ్గరికి వచ్చాడు. గుర్రాన్ని చూశాడు, జీనుని చూశాడు. ముందు చెక్క కింద చెయ్యి పెట్టి తీశాడు. గుర్రాల మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఆయనకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. కారులోంచి ఇమాష్, "ఒరే, మీ ఆవిడ్ని నువ్వు అడుగు, ఎలా ఎక్కాలో నేర్పుతుంది!" అన్నాడు. ఎషీమ్ అటు తిరగకుండా ఇంకోసారి చెక్క కింద చెయ్యి పెట్టి చూశాడు.

మర్నాడు పొద్దున ఆయన తండ్రి జీను మళ్ళీ వేసి చూశాడు. చబ్దార్ బిగుసుకుంది. ముందు చెక్క కింద ఈసారి వేళ్ళు కూడా దూరలేదు. ఎక్కలేదు. జీను తీసి కంచె మీద పెట్టి, చాలాసేపు దాని పక్కనే నిలబడ్డాడు. ఊల్కన్ టీ కప్పు తెచ్చి ఇచ్చింది. పక్కన నిలబడింది గానీ ఆ జీను వైపు చూడలేదు.

"మా నాన్న నా జీను చేయించినప్పుడు" అంది మెల్లగా, "చెక్కేవాడు గుర్రం వీపు మీద బంకమట్టి పెట్టి అచ్చు తీశాడు."

"మా నాన్నా అలాగే తీసేవాడు."

"ఏ గుర్రానికి తీశారో ఇది?"

"తన నల్లదానికి. సన్నటి గుర్రం. దాని వీపు గొడ్డలి అంచులా ఉండేది" అని ఎషీమ్ ఆగిపోయాడు. టీ చల్లారిపోతోంది. "ఆయన నల్లదానికి చేసుకున్నాడు" అన్నాడు మళ్ళీ, తనలో తను అన్నట్టు.

ఊల్కన్ తల వంచుకుంది. అనవలసిన మాట ఆయన నోటినుంచే వచ్చింది. ఎవరి పరువూ పోలేదు.

అయినా చిక్కు తీరలేదు. కొత్త జీను చెక్కించాలంటే చెక్క ఆరాలి, వసంతం దాకా పడుతుంది. అంతవరకూ చబ్దార్‌కి సరిపోయే జీను ఇంట్లో ఒక్కటే ఉంది. అది ఆడవాళ్ళ జీను. మా వైపు మగవాడు ఆడవాళ్ళ జీను మీద వీధిలోకి వస్తే మనవలకి పెళ్ళిళ్ళయ్యేదాకా చెప్పుకుంటారు. అందులోనూ ఎషీమ్! పేడ మరక పడిందని కొత్త టోపీ వచ్చేదాకా మూడు రోజులు టీ దుకాణం వైపు పోని మనిషి.   అలాగే రోజులు కొన్ని గడిచాయి. ఒక పొద్దున వాగు అంచున మంచు పలక తెల్లగా మెరిసింది.

ఇమాష్ కత్తుల మూట చంకలో పెట్టుకుని వచ్చాడు. అతని ముఖంలోనూ పెద్ద సంతోషం లేదు. "మాట నీదే కదరా" అన్నాడు, గేటు దగ్గరే నిలబడి. పేగులు కడగడానికి వీధిలో ఆడవాళ్ళు గిన్నెలతో వచ్చేశారు. మేరిమ్ పొయ్యి రాజేసింది. 

ఊల్కన్ పాకలో చబ్దార్ జూలు దువ్వుతోంది. ఆ రోజు కబుర్లేమీ చెప్పలేదు.  వెనక అడుగుల చప్పుడైంది. ఎషీమ్ వచ్చాడు. కొత్త టోపీ దువ్వి ఉంది, బూట్లు మెరుస్తున్నాయి.

"కళ్ళెం వెయ్యి" అన్నాడు.

వేసింది. ఆ కళ్ళెం పట్టుకుని ఇమాష్ దగ్గరికి నడిపించుకు పోతాడనుకుంది.

"జీను?" అన్నాడు.

"ఏ జీను ముసలాయనా?"

"ఏదంటావేంటి. నీది."

ఊల్కన్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పరుగెత్తింది. ఆవిడ పరుగెత్తడం చూసి మేరిమ్ చేతిలో కట్టె కింద పడేసింది.

ఎషీమ్ ఎర్ర మఖమలు మీద కూర్చుని, పక్షితల కొమ్ము ముందు పగ్గాలు పట్టుకుని, వెండి మొలలు ఎండకి తళతళలాడుతుండగా గేటు దాటాడు. చబ్దార్ ఆగకుండా వెళ్ళింది. ఆడవాళ్ళు గిన్నెలు దించి చూశారు. టీ దుకాణం ముందున్న మగవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకడు ఈలేశాడు.

ఇమాష్ ఇలాంటి అవకాశం వదులుకునే మనిషి కాదు. వీధి మధ్యకి పరుగెత్తుకొచ్చి అరిచాడు: "పెళ్ళికూతురా, పెళ్ళికూతురా! ఏ ఊరికమ్మా వెళ్ళడం? ముసుగు మర్చిపోయావు!"

వీధంతా పగలబడి నవ్వింది. ఎషీమ్ పగ్గం లాగి ఆపాడు. ముఖం చెవుల దాకా ఎర్రబడింది. అయినా టోపీ సర్దుకుని, అందరికీ వినపడేలా అన్నాడు:

"మా ఇంటిది కనుమ దాటి ఈ జీను మీదే నా దగ్గరికి వచ్చింది. ఆ రోజు మీరంతా గేటు దగ్గర నిలబడి చూశారు. అప్పుడు ఒక్కడూ నవ్వలేదేం?"

ఈలేసినవాడు పక్కకి తిరిగాడు. ఇమాష్ చంకలో కత్తుల మూట సర్దుకున్నాడు.

"నువ్వు కత్తులు నూరుకో" అన్నాడు ఎషీమ్ అతనితో. "మందలో ఈనని ఆ గొడ్డు గుర్రం ఉంది కదా, బాగా బలిసింది, దాన్ని తోలుకొస్తా. ఇది నా కింద నడుస్తోంది. మాట మాటే." కాలితో తట్టాడు. చబ్దార్ వాగు వైపు దుడుకుగా సాగిపోయింది.

గేటు దగ్గర నిలబడి ఊల్కన్ అంతా విన్నది. విని పాకలోకి వెళ్ళింది. అక్కడ దించి పెట్టిన మామగారి జీను రెండు చేతులతో ఇంట్లోకి తెచ్చి, తుడిచి, బొంతల దొంతర మీద, ఇన్నేళ్ళుగా తన జీను కూర్చున్న చోట పెట్టింది. అత్తవారింట అడుగుపెట్టిన రోజు వంగినట్టే నడుం వంచి దండం పెట్టింది. ఇక అది ఏ గుర్రాన్నీ నొప్పించదు. ఏ గుర్రమూ దాన్ని అవమానించదు. పెద్దాయనకి అంతకన్నా మంచి చోటు ఇంట్లో లేదు.

మధ్యాహ్నానికి ఎషీమ్ గొడ్డు గుర్రాన్ని తోలుకుని తిరిగొచ్చాడు. ఇమాష్ పని మొదలుపెట్టాడు, గిన్నెలు మళ్ళీ చప్పుడు చేశాయి. ఎషీమ్ పాక ముందు దిగి, "పరుపులా ఉంది నీ జీను. నలభై ఊళ్ళు తిరిగినా నడుం నొప్పి పుట్టదు. ఇన్నాళ్ళూ బొంతల మీద దాచిపెట్టి నన్ను చెక్క మీద కూర్చోబెట్టావు" అని గొణిగాడు. ఊల్కన్ పట్టీ విప్పి, జీను దించి, మెత్త తీసి తిరగేసింది.

ఈ చివర నుంచి ఆ చివర దాకా మెత్త ఒకేలా తడిసి ఉంది. మూపుకి అటూ ఇటూ అరచెయ్యి పెట్టి చూసింది. తడి. పొడిచోటు ఎక్కడా లేదు.

"ఏముంది అందులో?" అన్నాడు ఎషీమ్.

"చెమట" అంది ఊల్కన్. అని, గుర్రం వాసన గుప్పుమంటున్న ఆ తడి మెత్తలో ముఖం పెట్టుకుని, సంతోషం పట్టలేక ఏడ్చేసింది.